తువాస్ బస్టాపు దగ్గర ఒక్క దెబ్బ

సింగపూర్ పడమటి కొసనున్న తువాస్ చివర, సముద్రం పూడ్చిన నేల మీద ఓ రోడ్డుంది. గీత గీసినట్టు తిన్నగా పోతుంది. దాని మధ్యలో ఓ బస్టాపు. రేకు కప్పు, సిమెంటు బెంచీ, అన్నీ ఉన్నాయి. బస్సే లేదు. ఆ రూటు ఎత్తేసి చాలా ఏళ్ళయింది. అయినా రాత్రయితే ఆ బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారని అంటారు.

అనేవాళ్ళు ఒకరా ఇద్దరా! పక్క ఫ్యాక్టరీలో మలే గార్డు ఒకాయన ఉన్నాడు. నైట్ డ్యూటీకి వెళ్తూ అక్కడ మూడుసార్లు హారన్ కొట్టి గాని ముందుకు కదలడు. చైనా అంకుల్స్ ఏడో నెల వచ్చిందంటే చాలు — పితృదేవతలు భూమ్మీద తిరిగే నెల అది వాళ్ళకి — ఆ బెంచీ కింద నారింజ పళ్ళూ అగరొత్తులూ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతారు.

మనవాళ్ళు చెప్పే కథ ఇంకోటి. ఎప్పుడో ఓ లారీ వెనక తొట్టిలో పనివాళ్ళు డార్మిటరీకి పోతున్నారట. చివర కూర్చున్న పెద్దాయనకి కునుకు పట్టింది. జారాడు. లోపలివాళ్ళు క్యాబిన్ మీద ఠపఠపా కొట్టారు. డ్రైవరు రేడియో పెద్దగా పెట్టుకున్నాడు… వినలేదు. ఆ బస్టాపు ముందే పడిపోయాడట ఆయన. అప్పట్నుంచీ, రాత్రిపూట అటు పోయే బండికి వెనకనుంచి ఒక్క దెబ్బ వినిపిస్తుందట.

ఒక్కటే. ఠప్!

సింగపూర్‌లో లారీ వెనక మనుషుల్ని తిప్పినవాళ్ళకి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య మాట వినపడదు. అందుకని చేతి దెబ్బే భాష. క్యాబిన్ మీద ఒక్క దెబ్బ పడితే ‘ఆపు’ అని.

దొరబాబుకి ఇవన్నీ తెలుసు. తెలిసే వెళ్ళాడు. ఎందుకంటే నోరు జారాడు.

దొరబాబుకి ముప్పై ఆరేళ్ళు. వాళ్ళ ముత్తాత కాకినాడలో ఓడెక్కి ఇక్కడ దిగాడు. ఇతను బూన్ లేలో ఏసీలు బాగుచేసే చిన్న కంపెనీ నడుపుతాడు. ఒక వర్క్‌షాపు, ఒక పికప్, ఒక మెకానిక్. ఆ పికప్పే అతని ప్రాణం. పగలు నిచ్చెనా గ్యాస్ సిలిండరూ మోసే బండే, రాత్రి బానెట్ ఎత్తితే వేరే బండి. ఇంజన్ కంప్యూటర్ మార్చాడు. పొగగొట్టం లావుది వేశాడు. గాలిని చల్లబరిచే డబ్బా పెద్దది పెట్టాడు. ప్రభుత్వం వాళ్ళ తనిఖీ వచ్చినప్పుడల్లా అన్నీ విప్పి పాతవి బిగించడం, తనిఖీ అవ్వగానే మళ్ళీ కొత్తవి ఎక్కించడం. అంత ఓపిక పెళ్ళి మీద పెట్టుంటే ఈపాటికి ఇద్దరు పిల్లలుండేవారని వాళ్ళ నాయనమ్మ రాజమ్మ అంటుంది.

అన్నిటికీ మించి, ఇంజన్‌లోకి గాలి దట్టించి జోరు పెంచే టర్బో. జపాన్ నుంచి తెప్పించాడు. ఎనిమిది నెలలు ఎదురుచూశాడు. అది వచ్చిన రోజు రాజమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకి బొట్టు మాడిపోయి వర్క్‌షాపంతా కమురు వాసన. బండి వెనక మాత్రం ‘70’ అని గుండ్రటి స్టిక్కరు బుద్ధిగా అంటించి ఉంది. చట్టం ప్రకారం ఆ బండి గంటకి డెబ్బై కిలోమీటర్లు దాటకూడదు. పాపం, స్టిక్కరుకేం తెలుసు!

వచ్చే నెల్లో, వంతెన దాటితే వచ్చే మలేషియాలోని జోహోర్‌లో, ట్రాక్ మీద, తిన్నగా దూసుకుపోయే అసలైన డ్రాగ్ రేసు. దొరబాబు పేరు కట్టేశాడు. రెండేళ్ళుగా ఆ పది పన్నెండు సెకన్ల కోసమే బతుకుతున్నాడు. అలాంటివాడు కుదురుగా ఉండొచ్చు కదా? ఉండడు.

తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే బూన్ లే హాకర్ సెంటర్‌లో టీ తాగుతుంటే కమల్ కలిశాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ. ఇప్పుడు పెళ్ళిళ్ళకి టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే వ్యాపారం. వాడికీ ఒక పికప్పుంది. కొత్తది. బోల్టు దగ్గర్నుంచి అన్నీ షాపులో వేయించుకున్నదే. అదే దొరబాబుకి కంపరం.

“జోహోర్ దాకా ఎందుకు లా?” అన్నాడు కమల్ నవ్వుతూ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో. “నా వెనక రావడానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు కదా.”

“నీ బండిలో నీ చెయ్యి పడింది ఒక్క స్టీరింగ్ మీదే రా,” అన్నాడు దొరబాబు.

“అయితే రా. తువాస్ రోడ్డు. శనివారం రాత్రి. ఓడినవాడి టర్బో గెలిచినవాడికి.”

అక్కడ నోరు మూసుకుంటే ఈ కథే లేదు. పక్క టేబుళ్ళవాళ్ళు ఇటే చూస్తున్నారు. దొరబాబు కప్పు కింద పెట్టి, “రెంచీ కూడా నేనే తెస్తా, నీది విప్పడానికి,” అనేశాడు.

అన్నాక ఇంటికెళ్ళేదాకా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. టర్బో పోతే జోహోర్ పోయినట్టే. పోలీసులు పట్టుకుంటే బండే పోతుంది. బండి పోతే కంపెనీ లేదు. ఇన్ని తెలిసినవాడు వెనక్కి తగ్గొచ్చుగా అంటారా? మగాడికి రోషం ముందు పుట్టి బుద్ధి తర్వాత పుడుతుందని రాజమ్మ ఊరికే అనదు.

శనివారం సాయంత్రం వర్క్‌షాపులో బండికి గుండు గీశాడు. రేసులో ప్రతి కిలో లెక్కే. నిచ్చెన దించాడు. సిలిండర్లు, టూల్ బాక్సు, స్పేర్ టైరు, పక్క సీటు కింది జాకీ… అన్నీ దించాడు. ఆఖర్న తొట్టికుండే వెనక తలుపు కూడా ఊడబీకి గోడకి ఆనించాడు. పైనున్న కాన్వాస్ గూడు కూడా తీసేద్దామనుకున్నాడు గాని, రెండు బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. పోనీలే అని వదిలేశాడు.

తర్వాత బండి అక్కడే వదిలి, స్నానానికని ఇంటికెళ్ళాడు. రాజమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

“ఎక్కడికిరా ముస్తాబు?”

“డ్రైవ్‌కి, నాయనమ్మా.”

“ఏడో నెల. పైగా శనివారం. చీనావాళ్ళే ఇంట్లో కూర్చున్నారు. నువ్వు వాళ్ళకంటే మొనగాడివా? ఒరే బొడో, మకాన్ చేసి పడుకో!” కోపమొస్తే రాజమ్మకి మలే మాటలొస్తాయి: బొడో అంటే మొద్దు, మకాన్ అంటే తిండి.

“వాళ్ళ దెయ్యాలకి తెలుగు రాదులే,” అని నవ్వేసి బయటపడ్డాడు. మేకపోతు గాంభీర్యం. జేబులో నిమ్మకాయ ఉంది మరి.

రాత్రి ఒంటిగంట.

రోడ్డు మీద పురుగు లేదు. రెండు పక్కలా పొదలు, పైన పసుపురంగు దీపాలు. గాలి లేదు. పితృదేవతలకని ఎవరో కాల్చిన కాగితాల బూడిద అక్కడక్కడా నల్లగా కనిపిస్తోంది. దూరంగా… బస్టాపు.

దొరబాబు దానివైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. బెంచీ ఖాళీగానే ఉంది.

కమల్ పక్కన బండి ఆపి అద్దం దించాడు. “స్కేర్డ్ ఆ?”

“నీ మొహం.”

లెక్క సులువే. ఈ స్తంభం దగ్గర మొదలు, పదకొండో స్తంభం దగ్గర ఆఖరు. కమల్ మూడు హారన్లు కొడతాడు. మూడో హారన్‌కి వదలాలి.

పాం…

దొరబాబు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పాం…

ఇంజన్ రొద పెంచాడు. టర్బో సన్నగా ఈల వేసింది. ఆ ఈల వింటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పాం!

వెనక టైర్లు కీచుమని అరిచాయి. పొగ లేచింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. రెండో గేరు… మూడు… పక్కనే కమల్ బండి ముక్కు కనిపిస్తోంది. కనిపిస్తోంది… వెనక్కి జారుతోంది. జారుతోంది! దొరబాబు గట్టిగా కేక పెట్టాడు. నాలుగో స్తంభం దాటింది. సగం బండి ముందున్నాడు. ఐదో స్తంభం. బండంత ముందున్నాడు. కమల్ టర్బో ఎక్కడ బిగించాలో కూడా ఆలోచించేస్తున్నాడు.

ఎడమ పక్క బస్టాపు తెల్లగా మెరిసి…

ఠప్!

క్యాబిన్ వెనక రేకు మీద. సరిగ్గా అతని తల వెనక.

తర్వాత జరిగింది దొరబాబు చేసిందా, కాలు చేసిందా అంటే, కాలే చేసింది. మనసు ‘తొక్కు, తొక్కు, గెలిచావు’ అని అరుస్తూనే ఉంది. పదేళ్ళుగా వెనక మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పిన కాలు మాత్రం ఎవర్నీ అడగలేదు. యాక్సిలరేటర్ వదిలేసింది. బ్రేకు మీదికి పోయింది. అదీ ధనామని కాదు — వెనకున్నవాళ్ళు పడిపోకుండా ముందు మెత్తగా, తర్వాత గట్టిగా. ఆ బండిలో ఆ కాలికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

కమల్ బండి జుయ్యిమని దూసుకుపోయింది.

దొరబాబు బండి ఆగింది. ఇంజన్ ఆపేశాడు. నిశ్శబ్దం.

‘ఓడిపోయాను,’ అనుకున్నాడు ముందు. టర్బో పోయింది. జోహోర్ పోయింది. ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాత గాని గుర్తు రాలేదు… వెనక ఎవరూ లేరు. తొట్టి తనే ఖాళీ చేశాడు. తన చేత్తో.

మరి కొట్టిందెవరు?

అద్దంలోకి చూడాలంటే భయం. చూడకపోతే ఇంకా భయం. ఆంజనేయుణ్ణి తలుచుకుందామనుకుంటే పేరు తప్ప ముందుకి ఒక్క ముక్క నోట్లోకి రాలేదు. ఆ పేరే పది సార్లు అన్నాడు.

వెనక ఏదో కదిలింది. కాన్వాస్ బరబరలాడింది.

“బాబూ…”

దొరబాబు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెలుగొచ్చు దీనికి!

“బాబూ… దొరబాబూ… ఏటయ్యింది బాబూ? నాను… సింహాచలాన్ని.”

సింహాచలం అంటే ఎవరో కాదు, కంపెనీలో ఉన్న ఆ ఒక్క మెకానిక్కే. విజయనగరం వైపు మనిషి. దొరబాబు కంటే పదేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళుగా ఇతని దగ్గరే పని. దొరబాబు తలుపు తోసుకుని దిగి, వెనక్కి పరిగెత్తాడు.

“నువ్వేంటన్నా ఇక్కడ!”

“రోజూ మీరే గదా డార్మిటరీకాడ దించుతారు? బయట పనయ్యాక వర్క్‌షాపులో బండి కాడికొస్తే మీరు లేరు. ఎనక సల్లగా ఉందని అట్టముక్కేసుకుని తొంగున్నాను.”

“బస్సులో వెళ్ళమని ఫోన్‌లో మెసేజ్ పెట్టానుగా!”

“ఫోను సచ్చిపోయింది బాబూ, మజ్జానమే.”

దొరబాబుకి నవ్వాగలేదు. రోడ్డు మీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. డెబ్బై కిలోల మనిషి వెనకుంటే తెలియలేదా అంటే — ఆ రాత్రి అతనున్న ఊపులో ఏనుగెక్కినా తెలిసేది కాదు. దెయ్యమట, దెయ్యం! రేపు నాయనమ్మకి చెప్తే వారం రోజులు నవ్వుతుంది.

నవ్వుతూ తలెత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

సింహాచలం తొట్టి చివర కూర్చుని ఉన్నాడు. తలుపు ఉండాల్సిన చోట. కాళ్ళు మోకాళ్ళ దాకా బయటికి వేలాడుతున్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. ఆ చెప్పు వెనక, ఎక్కడో బస్టాపు ముందు, రోడ్డు మీద పడి ఉంది. అట్టముక్క దానికంటే వెనక.

ఇంకొక్క జానెడు. ఇంకొక్క సెకను. తలుపు పీకింది తను. తొక్కింది తను. ఎనిమిది కిలోలు తగ్గుతాయని మురిసిపోయింది తను. సింహాచలానికి ఇంటి దగ్గర భార్యా, ఇంటర్ చదివే కూతురూ ఉన్నారు. ఆ పిల్ల మార్కులొచ్చినప్పుడల్లా వర్క్‌షాపులో లడ్డూలు పంచుతాడు. దొరబాబు లేచి వెళ్ళి ఆయన్ని గట్టిగా పట్టేసుకున్నాడు.

“తప్పయిపోయిందన్నా. చంపేసేవాణ్ణి నిన్ను. నా చేత్తో నేనే…”

“ఏటి బాబూ, సిన్నపిల్లాళ్ళాగ. నానేటయ్యాను ఇప్పుడు? బాగానే ఉన్నాను గదా.”

“నువ్వు సమయానికి కొట్టావు కాబట్టి. లేకపోతే నేను ఆపేవాణ్ణి కాదు.”

సింహాచలం అయోమయంగా చూశాడు. “నానెక్కడ కొట్టేను బాబూ? బండి దూకీసరికి ఇక్కడిదాకా జారిపోనాను. క్యాబినేమో అక్కడుంది. నా సెయ్యి అందుద్దా?”

అందదు. దొరబాబు చూశాడు. ఐదడుగుల దూరం.

“మరి…”

“ఆ పెద్దాయనే,” అన్నాడు సింహాచలం మామూలుగా. “ఒక సేత్తో నా కాలరు పట్టుకున్నాడు, రెండో సేత్తో కొట్టేడు. ఏం పట్టు బాబూ అది! సొక్కా సినిగిపోయింది సూడండి. మీరే ఎక్కించుకున్నారు గావాలనుకున్నాను. ఎవరాయన?”

చొక్కా కాలరు నిజంగానే కుట్టు దగ్గర చిరిగి ఉంది.

దొరబాబు ఆ చిరుగుని వేలితో తడిమి చూశాడు.

అంతలో కమల్ బండి వెనక్కి తిప్పుకుని వచ్చాడు. “ఏమైంది రా? గేర్‌బాక్స్ ఆ?” అని నవ్వబోయి, చివర కూర్చున్న సింహాచలాన్నీ, లేని తలుపునీ చూశాడు. విషయం అర్థమై మొహం పాలిపోయింది. వెళ్ళి ముందు తన బండి వెనక టార్చి వేసి చూసుకొచ్చాడు.

“రేపు వర్క్‌షాపుకి రా,” అన్నాడు దొరబాబు. “టర్బో విప్పి ఇచ్చేస్తా. ఓడింది నేనే.”

“నాకొద్దు లా!” కమల్ రెండు చేతులూ ఊపాడు. “సెవెంత్ మంత్‌లో, ఈ రోడ్డు మీద గెలిచిన సామాను నా బండిలో పెట్టుకుంటానా? మా అమ్మ నన్నే విప్పేస్తుంది. ముందు ఈయన్ని ఇంటికి దింపు.” బస్టాపు వైపు ఒక్కసారి చూసి, బండెక్కి, డెబ్బైకి ఒక్క కిలోమీటరు కూడా మించకుండా వెళ్ళిపోయాడు.

టర్బో దక్కింది. అయినా ఆ క్షణాన దొరబాబుకి దానిమీద సంతోషమే కలగలేదు. అదేదో వేరేవాడి సామాను అన్నట్టుంది.

“రా అన్నా, ముందు కూర్చో. పోదాం.”

“మరి పెద్దాయన? ఈ అడివిలో ఒగ్గీసి ఎలా ఎల్తాం?” సింహాచలం కాన్వాస్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు. “ఓ, ఉన్నారు. ఆ మూలకి కూకున్నారు. ఏటి తాతా, ఎక్కడ దిగుతారు?… బూన్ లే అంట బాబూ. మన డార్మిటరీయేనంట.”

దొరబాబు కూడా తొంగిచూశాడు. ఇనప తొట్టి. నాలుగు మూలలూ ఖాళీ.

సింహాచలం మొహంలోకి చూశాడు. తొమ్మిదేళ్ళలో ఈ మనిషి ఒక్కసారి కూడా వేళాకోళం ఆడి ఎరగడు.

పారిపోవాలనిపించింది. బండి అక్కడే వదిలేసి తువాస్ నుంచి బూన్ లే దాకా పరిగెత్తాలనిపించింది. కానీ ఆ చిరిగిన కాలరు ఎదురుగా కనిపిస్తోంది.

“సరే…” అన్నాడు మెల్లగా. “గట్టిగా పట్టుకుని కూర్చోమను.”

నలభైలో నడిపాడు. టర్బో కిక్కురుమనలేదు. ప్రతి మలుపులోనూ ముసలివాళ్ళని గుడికి తీసుకెళ్తున్నట్టు తిప్పాడు. రేడియో వైపు చెయ్యి కూడా పోనివ్వలేదు.

“ఎలా ఉంటాడన్నా ఆయన?” అని గుసగుసగా అడిగాడు.

“బక్కగా ఉంటారు. తలకి తుండుగుడ్డ. కాళ్ళకి జోళ్ళు లేవు. పాపం, బాగా అలిసిపోయినట్టున్నారు.”

దొరబాబు వేగం ఇంకాస్త తగ్గించాడు.

డార్మిటరీ గేటు ముందు బండి ఆపాడు. సింహాచలం ఒంటి చెప్పుతో దిగి, వెనక్కి నడిచాడు. కాన్వాస్ ఎత్తిన చప్పుడు.

“దిగండి తాతా… మెల్లగా. ఇటెయ్యండి అడుగు. నా సెయ్యి పట్టుకోండి.”

దొరబాబు స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఇంజన్ ఆగి ఉంది. ఆ బండి వెనక స్ప్రింగ్ పట్టీలు తనే విప్పి, తనే బిగించాడు. తొట్టిలోంచి ఒక గ్యాస్ సిలిండరు దించినా, ఒక మనిషి దిగినా, సీటులో కూర్చునే ఎంత బరువు దిగిందో చెప్పగలడు.

సింహాచలం నేల మీద నిలబడి ఉన్నాడు. పక్క అద్దంలో అతని రెండు కాళ్ళూ కనిపిస్తున్నాయి.

బండి వెనక భాగం మెల్లగా, ఒక వేలి మందం పైకి లేచింది.

యాభై కిలోలు, అనుకున్నాడు దొరబాబు. అంతకంటే ఉండడు.